తుమ్మ కోసే మిషిన్‌కు ఏ ఆయిల్ పోస్తున్నాం?

పోయిన పసుపు సీజన్‌లో జరిగిన సంగతి ఇది. బాయిలర్ వంతు మాకు మరుసటి రోజు పొద్దున. కట్టెలు సరిపోవని చూసి, ఒడ్డు మీద ఎండి నిలబడ్డ నల్లతుమ్మను పడగొట్టి మొద్దులు కోస్తున్నాం. పై చెక్క బాగానే తెగింది. రంపం నడుమ చేవలోకి దిగాక మిషిన్ గొంతు మారింది. ఒకసారి గట్టిగా మోగి టక్కున ఆగిపోయింది. తాడు గుంజితే రాలేదు. చల్లారాక మళ్లీ గుంజితే వచ్చింది గానీ స్టార్ట్ కాలేదు.

అది మా పదకొండు మంది రైతులు తలా కొంత వేసుకుని కొన్న మిషిన్. వేములవాడలో మెకానిక్ సిలిండర్ విప్పి పిస్టన్ చేతికిచ్చాడు. సైలెన్సర్ వైపు పైనుంచి కిందిదాకా గీతలు పడి ఉన్నాయి, గోరు పెడితే ఆగుతోంది. "ఆయిల్ లేక కాలింది అన్నా," అన్నాడు. మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయిల్ పోయలేదన్న మాట లేదు. అందరం పోశాం. ఎవరు ఎంత పోశారు, ఏ ఆయిల్ పోశారు అన్నదే ఎవరికీ తెలియదు. షెడ్డులో చూస్తే మూడు డబ్బాలు దొరికాయి. ఒకటి బైకుల టూటీ ఆయిల్, ఒకటి తైవాన్ పంపుతో పాటు వచ్చినది, ఇంకొకటి పేరూ ఊరూ లేని ప్లాస్టిక్ సీసాలో లూజుగా తెచ్చినది. ఆ సీసా ఆయిల్ అమ్మిన దుకాణానికి పోయి అడిగితే, "మిషిన్ నడపడం మీకు రాలేదు" అన్నారు. బిల్లు అడిగి తీసుకోలేదు కాబట్టి మేం మాట్లాడడానికి ఏమీ మిగల్లేదు.

ఆ తప్పులో సగం మాదే. అందుకే ఈ విషయం రాస్తున్నాం. కోరుట్ల, కథలాపూర్, మేడిపల్లి, చందుర్తి, కోనరావుపేట వైపు ఇప్పుడు ఏ ఊరికి పోయినా రెండు మూడు చెట్లు కోసే మిషిన్లు ఉన్నాయి. వాటికంటే ఎక్కువగా తైవాన్ పంపులు, గడ్డి కోసే బ్రష్ కట్టర్లు ఉన్నాయి. వీటిలో చాలా మటుకు టూ స్ట్రోక్ ఇంజన్లే. గల్ఫ్ నుంచి వాపసు వచ్చి, అప్పు తెచ్చి మిషిన్ కొనుక్కుని కిరాయి కోతలకు పోతున్న పిల్లలు మన సంఘం సభ్యుల ఇళ్లల్లోనే ఉన్నారు. వాళ్లకు ఇంజన్ కాలిందంటే నెల కూలి పోయినట్టు. ఇంత సామాను మన చేతుల్లోకి వచ్చింది, దాంట్లో పోసే నూనె గురించి మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు. మనమూ అడగలేదు.

బైకుకు, దీనికి తేడా ముందుగా చెప్పుకోవాలి. ఇప్పటి బైకులో ఇంజన్ ఆయిల్ కింద తొట్టిలో వేరుగా ఉంటుంది, తిరిగి తిరిగి అదే నూనె పనిచేస్తుంది. టూ స్ట్రోక్‌లో ఆ తొట్టి లేదు. పెట్రోల్‌లో మనం కలిపిన ఆయిల్ పెట్రోల్‌తో పాటే లోపలికి పోయి, పోయే దారిలో బేరింగులను, పిస్టన్‌ను, రింగులను తడిపి, చివరికి పెట్రోల్‌తో పాటే కాలిపోతుంది. ప్రతి చుక్కకూ పని ఒక్కసారే. ఆ చుక్క నాసిదైతే దాన్ని ఆదుకోవడానికి వెనుక ఇంకేమీ లేదు. పైగా చెట్లు కోసే మిషిన్ నిమిషానికి పది వేల చుట్ల పైన తిరుగుతుంది, గాలితోనే చల్లబడాలి. ఎండాకాలం మధ్యాహ్నం, చేవ దేరిన తుమ్మలో, నిండు రేసు మీద గంటల తరబడి నడిపితే దాని మీద పడే భారం ఊళ్లోకి పోయొచ్చే బైకు మీద పడదు.

మన కట్టె సంగతీ అట్లాంటిదే. మామిడి తోటలో ముసలి కొమ్మలు కోస్తే బాగా నడిచిన మిషిన్ తుమ్మలో ఎందుకు ఆగిందని మమ్మల్ని చాలామంది అడిగారు. టేకు ఘనమీటరు ఎండినాక సుమారు 650 కిలోలు తూగితే నల్లతుమ్మ సుమారు 800 దాకా తూగుతుంది. నారయేపి చేవ ముక్కను నీళ్లల్లో వేస్తే మునుగుతుంది. చింత మొద్దు నడుమ ఉండే నల్లచేవ సంగతి గొడ్డలి పట్టిన వాళ్లకు తెలుసు. తాటి అయితే తిరగబడ్డ కట్టె: లోపల మెత్తన, బయట పెంకు నల్లగా ఇనుము లెక్క. నాగలికి, బండి గాన్లకు మన తాతలు తుమ్మనే ఎందుకు ఏరుకున్నారో, అదే గుణం ఇవాళ మన పిస్టన్ మీద పడుతోంది. (రాజన్నకు మొక్కిన కోడెలు ఊళ్లల్లోకి వచ్చేవి, వాటి వెంట బండ్లు, బండ్లకు తుమ్మలు. ఇప్పుడు ఒడ్ల మీద మిగిలిన తుమ్మలు బాయిలర్ కిందికి పోతున్నాయి. అది ఇంకొక నెల రాసుకుందాం.)

ఇక ఆయిల్. దుకాణంలో మనం అడిగేది "టూటీ ఇయ్యి" అని. టూటీ అంటే టూ స్ట్రోక్ ఆయిల్ అని మాత్రమే అర్థం. దాంట్లో మంచి చెడు తెలిపేది డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో ఉండే గుర్తు. జపాన్ వాళ్లు పెట్టిన వరుస ఒకటి ఉంది, దాన్ని జాసో అంటారు. ఇంగ్లీషులో జె, ఎ, ఎస్, ఓ అనే నాలుగు అక్షరాలు, వాటి పక్కన ఎఫ్‌బి, ఎఫ్‌సి, ఎఫ్‌డి అనే రెండేసి అక్షరాలు. ఎఫ్‌బి కింది మెట్టు. ఎఫ్‌సి పొగ తక్కువ. ఎఫ్‌డి పొగ తక్కువతో పాటు, పిస్టన్ మీదా సైలెన్సర్ దారిలోనూ మసి పేరుకోకుండా ఎక్కువ శుభ్రంగా ఉంచుతుంది. కొన్ని డబ్బాల మీద ఐఎస్ఓ అని, పక్కన ఇజిబి, ఇజిసి, ఇజిడి అని ఉంటుంది. అదీ అదే తీరు మెట్ల వరుస, ఇజిడి పై మెట్టు. అమెరికా వాళ్ల గుర్తు ఎపిఐ టిసి అని ఉంటుంది.

మా మాట సూటిగా చెబుతున్నాం. చెట్లు కోసే మిషిన్‌కు, అదీ మన తుమ్మ చింత కోసే మిషిన్‌కు, ఎఫ్‌డి గానీ ఇజిడి గానీ రాసి ఉన్న డబ్బానే కొనండి. దొరకనప్పుడు ఎఫ్‌సి. ఆ రెండక్షరాలూ లేని సీసా ఎంత అగ్గువకు వచ్చినా వద్దు. రంగు చూసి మోసపోవద్దు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ అన్నవి పెట్రోల్‌లో ఆయిల్ కలిసిందో లేదో కంటికి తెలియడానికి వేసే రంగులు, వాటికి నాణ్యతతో సంబంధం లేదు. టిసి డబ్ల్యూ 3 అని రాసి ఉంటే అది పడవల ఇంజన్లది, నీళ్లతో చల్లబడే వాటికి చేసినది. మన గాలి ఇంజన్‌కు అది పనికిరాదు.

"చేతక్ స్కూటర్‌కు, లూనాకు బంకుల పోసిన ఆయిలే కదా, అప్పుడేమైంది?" అని పెద్దవాళ్లు అంటారు. నిజమే, ఆ కాలంలో బంకులో పెట్రోల్‌తో పాటు టూటీ కొట్టించుకునేవాళ్లం. లూజు నూనెల గోల ఎంత ముదిరిందంటే, టూ స్ట్రోక్ బండ్ల పొగ తగ్గించడానికి కేంద్రమే కలగజేసుకుని, 1999 ఏప్రిల్ నుంచి దేశమంతటా టూటీ ఆయిల్ ఎపిఐ టిసి, జాసో ఎఫ్‌సి కొలతకు తగ్గకూడదని నిబంధన పెట్టింది. అంటే ఇరవై అయిదేళ్లకు పైగా కింది హద్దే ఎఫ్‌సి. స్కూటర్లు పోయాయి, ఆ నిబంధన సంగతి దుకాణాల్లో మరిచారు. స్కూటర్ల జాగాలో మన పంపులు, రంపాలు వచ్చాయి. అడిగేవాడు లేక సీసాల్లో లూజు ఆయిల్ మళ్లీ దర్జాగా అమ్ముడుపోతోంది.

బైకుల ఎఫ్‌సి ఆయిల్ దొరికితే తైవాన్ పంపుకు పరవాలేదు అని మా అభిప్రాయం. రోజుకు రెండు మూడు ట్యాంకులు, సగం రేసు మీద నడిచే పని అది. చెట్లు కోసే మిషిన్‌కు ఆ మాట చెప్పం.

ఎంత కలపాలి అన్న దగ్గరే అసలు లొల్లి ఉంది. మిషిన్ పుస్తకంలో 50కి 1 అని రాసి ఉంటే, యాభై పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్. లీటరుకు 20 మిల్లీలీటర్లు, అయిదు లీటర్ల డబ్బాకు 100. అదే పుస్తకంలో కింద ఇంకొక వరుస ఉంటుంది, ఎవరూ చదవరు: ఆయిల్ మామూలు రకమైతే 33కి 1 అనో, 25కి 1 అనో. 33కి 1 అంటే లీటరుకు 30, 25కి 1 అంటే లీటరుకు 40. చైనా మిషిన్లు కొన్నిటికి మొదటి నుంచీ 25కో 40కో 1 అనే ఉంటుంది. 40కి 1 అంటే లీటరుకు 25. ఎవరి మిషిన్‌కు ఏముందో వాళ్ల పుస్తకమే చూడాలి. పుస్తకం పోతే ట్యాంకు మూత దగ్గర చూడండి, కొన్నిటికి అక్కడ అచ్చు వేసి ఉంటుంది.

ఇప్పుడు అగ్గువ ఆయిల్ లెక్క చూద్దాం. లెక్క కోసం మంచి ఆయిల్ లీటరు 450 రూపాయలు, లూజు ఆయిల్ 250 అనుకోండి. మంచి ఆయిల్ లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్లు చాలు, అంటే 9 రూపాయలు. లూజు ఆయిల్ పుస్తకం ప్రకారం 40 పోయాలి, అంటే 10 రూపాయలు. అగ్గువ ఆయిలే ఒక రూపాయి పిరమైంది! లేదు, లూజు ఆయిల్‌నే 20 పోస్తాం అంటే లీటరు మీద 4 రూపాయలు మిగులుతాయి. రోజంతా గట్టిగా కోస్తే అయిదు లీటర్ల పెట్రోల్ పోతుందనుకుంటే మిగిలేది 20 రూపాయలు. ఒక చాయ్, ఒక సమోసా. దాని కోసం వేలల్లో అయ్యే సిలిండర్, పిస్టన్ సెట్టును పణంగా పెడుతున్నాం. మా పదకొండు మందిమీ అదే చేశాం.

ఇంకొక రకం వాళ్లు ఉన్నారు. "ఎక్కువ పోస్తే ఏమైతది, నూనే కదా, మంచిదే" అని గుడ్డిగా ఒంపేవాళ్లు. వాళ్ల మిషిన్ కాలదు, మూగబోతుంది. ప్లగ్గు తడిసి నల్లబడుతుంది, సైలెన్సర్ జాలీ మసితో మూసుకుపోతుంది, పొగకు కళ్లు మండుతాయి. అదొక్కటే కాదు. పెట్రోల్ జాగాలో ఆయిల్ ఎక్కువ కూర్చుంటే అదే జెట్టులోంచి పోయే పెట్రోల్ తగ్గుతుంది, మిశ్రమం పలచబడి ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. ఎక్కువ పోసి కాపాడుకున్నాం అనుకున్నవాళ్లు అట్లా కూడా కాల్చుకున్నారు.

మరి మే నెలలో, ఎండు తుమ్మలో రోజంతా కోసేవాళ్లు 50కి బదులు 40కి 1 కలపొచ్చా? ఈ మాట మీద మాలోనే రెండు వర్గాలు ఉన్నాయి. కలిపితే తప్పేమీ లేదు, కాకపోతే కార్బురేటర్‌ను దానికి తగ్గట్టు తెలిసిన మెకానిక్‌తో సరిచేయించుకోవాలి అని ఒక వర్గం. పుస్తకం దాటొద్దు, చైను పదును చూసుకోండి చాలు అని ఇంకొక వర్గం. మేం రెండో వైపే ఎక్కువగా మొగ్గుతున్నాం. ఎందుకంటే మేం చూసిన కాలిన ఇంజన్లలో ఆయిల్‌తో పాటు మొద్దుబారిన చైను కూడా దాదాపు ప్రతిసారీ ఉంది.

దాని గుర్తు చాలా తేలిక. కోసేటప్పుడు కింద పడేది చూడండి. పెచ్చులు పడుతుంటే చైను పదునుగా ఉన్నట్టు. పిండి పడుతుంటే మొద్దుబారినట్టు. మొద్దుబారిన చైనును మనం బలం పెట్టి అదుముతాం, ఇంజన్ నిండు రేసు మీద ఉండి కూడా చుట్లు పడిపోతాయి, గాలి తక్కువ, వేడి ఎక్కువ. ఆ పిండే పోయి ఫిల్టర్‌లోనూ సిలిండర్ రెక్కల మధ్యా కూరుకుంటుంది. గట్టి కట్టెలో ప్రతి ట్యాంకు పెట్రోల్‌కు ఒకసారి ఆగి, ఒక్కో పంటికి రెండు మూడు సార్లు గుండ్రటి ఆకురాయి వేయాలి. ఆకురాయి సైజు చైనును బట్టి ఉంటుంది, 4.8 దానికి 5.2 వేస్తే పన్ను పాడవుతుంది. పంటి ముందు ఉండే చిన్న మెట్టును, చాలా చైన్లకు పన్ను కంటే సుమారు 0.65 మిల్లీమీటర్ కింద ఉంచమంటారు. "ఎక్కువ తినాలె" అని ఆ మెట్టును ఇంకా అరగదీస్తే తుమ్మలో చైను కొరికి పట్టుకుంటుంది, మిషిన్ ఎగిరి మీదికి వస్తుంది. బార్ ముక్కుతో కోయడం ఎప్పుడూ వద్దు. రోడ్డు పక్క చింతలు, వేపలు కోసేటప్పుడు ముందు మాను చుట్టూ చేత్తో తడిమి చూడండి. ఎన్ని ఎలక్షన్ల ఫ్లెక్సీల మేకులు ఆ బెరడులో కలిసిపోయి ఉంటాయో చెప్పలేం. ఒక్క మేకు తగిలితే చైను పోయినట్టే.

కొందరు మెకానిక్‌లు "స్పీడు పెంచిన అన్నా" అని హెచ్ అని రాసి ఉన్న స్క్రూ తిప్పి పంపుతారు. మిషిన్ కీచుగా అరుస్తుంది, మనకు బలం వచ్చినట్టు అనిపిస్తుంది. అది పెట్రోల్ తగ్గించి అరిపించడం. పెట్రోల్ తగ్గితే దాంతో వచ్చే ఆయిలూ తగ్గుతుంది. ఖాళీగా రేసు ఇచ్చినప్పుడు కొద్దిగా బొంగురుగా ఉండి, కట్టెలో దిగాక గొంతు సాఫీ అయ్యేటట్టు ఉంటేనే మంచిది. కోత అయిపోగానే స్విచ్ ఆపకుండా అర నిమిషం స్లోలో నడవనివ్వండి, లోపలి వేడి దిగుతుంది.

బార్ మీదికి పోయే చైన్ ఆయిల్ వేరే ట్యాంకు, వేరే నూనె. ట్రాక్టర్‌లోంచి తీసిన కాలిన ఆయిల్ అందులో పోయడం మన దగ్గర ఆనవాయితీ అయింది. దాంట్లో ఇనుప పొడి ఉంటుంది, ఆయిల్ పంపును అరగదీస్తుంది. ఆ నూనె మన చేతుల మీద, పొలంలో పడుతుంది. దాన్ని చర్మానికి తగిలించుకోవడం మంచిది కాదని మెకానిక్ షెడ్లలో పనిచేసేవాళ్లను అడిగినా చెబుతారు. పని మానేయండి.

ఇప్పుడు పెట్రోల్ సంగతికి వద్దాం, ఇది కొత్త తలనొప్పి. 2023 ఫిబ్రవరిలో దేశంలో ఇ20 పెట్రోల్ మొదలైంది. నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలిపిన పెట్రోల్. మొదట 2030కి అనుకున్న గడువును ముందుకు జరిపారు, 2025కల్లా బంకులో ఏది పోయించుకున్నా అదే అన్నంత దాకా వచ్చింది. చేతితో స్క్రూ తిప్పి సరిచేసే కార్బురేటర్ ఉన్న మిషిన్ల పుస్తకాలు మాత్రం చాలా వాటిలో ఇథనాల్ పది శాతం దాటొద్దనే చెబుతున్నాయి. కంప్యూటర్‌తో తానే సర్దుకునే ఖరీదైన మిషిన్లకు ఇబ్బంది తక్కువ. మన చేతుల్లో ఉన్నవి ఎక్కువ మొదటి రకం.

ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. సగం డబ్బా పెట్రోల్ మూత సరిగా పెట్టకుండా వానాకాలం షెడ్డులో వదిలేస్తే, అది గాలిలోని తేమను పట్టి, ఒక దశలో ఇథనాలూ నీళ్లూ కలిసి అడుగుకు దిగుతాయి. మనం కలిపిన ఆయిల్ పైన పెట్రోల్‌లోనే ఉండిపోతుంది. ట్యాంకులో పెట్రోల్ పైపు పీల్చేది అడుగు నుంచి. అంటే ఆ రోజు ఇంజన్‌కు ముందు పోయేది నూనె లేని నీళ్ల ఇథనాల్. ఎంత మంచి ఎఫ్‌డి ఆయిల్ పోసినా ఫలితం ఉండదు. అందుకే కలిపిన పెట్రోల్ నెల దాటి ఉంచొద్దు. అవసరమైనంతే కలపండి. పంపు గానీ రంపం గానీ సీజన్ అయిపోయి పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పెట్టండి. లేకపోతే కార్బురేటర్ లోపలి రబ్బరు పొర గట్టిపడి, వచ్చే ఏడు మందు కొట్టే రోజున మెకానిక్ దగ్గర వరుసలో నిలబడతాం.

ఈ ఇథనాల్‌లో పోతున్నవి మన మక్కలు, మన నూకలు, చెరుకు. రైతుకు మంచి ధర వస్తుందని చెప్పి మొదలుపెట్టిన పని. వెల్గటూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీల మీద ఊళ్లు ఎందుకు లేచాయో ఇక్కడ చర్చించం. మేం అడిగేది ఒకటే. కార్లకు ఇ20 పనికొస్తుందా రాదా అని టీవీల్లో రోజూ మాట్లాడుతున్నారు. తైవాన్ పంపుకు, బ్రష్ కట్టర్‌కు, రంపానికి పనికొస్తుందా అని ఎవరైనా ఒక్క మాట అన్నారా? మన మక్కలు కొనేటప్పుడు మనం గుర్తొస్తాం, మన పంపు గుర్తుకు రాదు.

డబ్బా మీది రాత సంగతీ ఇంతే. సరుకు డబ్బాల మీద వివరాలు హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉంటే చాలునని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. వేరే భాష అదనంగా వేయొచ్చు, వేయాలని లేదు. కాబట్టి తెలుగు లేకపోవడం తప్పు కింద రాదు. పురుగు మందుల డబ్బా మీద బొమ్మల గుర్తులు, రంగులు పెట్టి చదువు రానివాడికి కూడా అపాయం తెలిసేటట్టు చేయగలిగారు. రైతులు కొనే ఇంజన్ ఆయిల్ డబ్బా మీద "లీటరు పెట్రోల్‌కు ఇంత" అని తెలుగులో ఒక్క వరుస వేయించడం అంత కష్టమైన పనా? వ్యవసాయ శాఖ మిషిన్లు పంచేటప్పుడు, అమ్మేటప్పుడు దుకాణదారు కలిపే లెక్క చెప్పి, చూపించి, కొలత గ్లాసు చేతికిచ్చి పంపాలని షరతు పెట్టవచ్చు. పొలాస పరిశోధనా స్థానంలో వరి, నువ్వుల మీద రైతులకు తరగతులు పెడతారు. సీజన్‌కు ఒక రోజు ఈ చిన్న ఇంజన్ల మీద పెట్టమని మన సంఘం తరఫున రాయాలన్నది మా ప్రతిపాదన.

మా వంతుగా చేయగలిగింది కూడా ఉంది. ఆయిల్‌కు, మిషిన్‌కు, ఏ సామానుకైనా బిల్లు తీసుకోండి. మిషిన్ నంబరు, ఆయిల్ పేరు, తేదీ దాని మీద ఉండాలి. 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కు పోవాలంటే మొదట అడిగేది ఆ కాగితమే. అది లేకే మేం ఆ దుకాణం మెట్లు దిగి వచ్చాం.

చెట్టు కోసే ముందు ఇంకొక కాగితం కూడా గుర్తుంచుకోండి. 2002 వాల్టా చట్టం కింద పట్టా భూమిలోని చెట్టుకైనా చాలా వాటికి ముందు అనుమతి కావాలి. టేకుకు కోతతో పాటు రవాణాకూ పర్మిట్ తప్పదు. తాటి, ఈతలతో ఆబ్కారీ వాళ్లకూ సంబంధం ఉంటుంది. జమ్మి మన రాష్ట్ర వృక్షం, ఎండినా ఒకసారి ఆలోచించండి. చెరువు శిఖంలో పెరిగిన సర్కారు తుమ్మ కంప కొడితే ఊరంతా సంతోషిస్తుంది గానీ, ఏది మినహాయింపులో ఉందో ఫారెస్ట్ ఆఫీసులో అడిగి కొట్టడం మంచిది. కేసు పడితే మిషిన్ పట్టుకుపోతారు, అప్పుడు ఎఫ్‌డి ఆయిల్ ఉన్నా లాభం లేదు.

కొలత విషయంలో మాకు పనికొచ్చిన ఒక ఉపాయం చెబుతాం. కొలత గ్లాసులు పోతాయి, సీసా మూతలు ఒక్కోటి ఒక్కో సైజు. క్వార్టర్ సీసాతో కొలిచేవాళ్లు ఉన్నారు, అది 180 మిల్లీలీటర్లు, ఏ లెక్కకూ సరిపోదు. మెడికల్ షాపులో 20 మిల్లీలీటర్ల సిరంజి దొరుకుతుంది, పశువుల సూదులకు వాడేది. సూది తీసేసి దాంతో ఆయిల్ పీల్చండి. లీటరు పెట్రోల్‌కు ఒక సిరంజి, 50కి 1 లెక్క. 25కి 1 కావాలంటే రెండు సిరంజీలు. 40కి 1 అయితే ఒక సిరంజి, మీద ఇంకో 5. ముందు డబ్బాలో సగం పెట్రోల్ పోసి, ఆయిల్ వేసి కలిపి, తర్వాత మిగతా పెట్రోల్ పోసి మూత బిగించి బాగా ఊపండి. ట్యాంకులో నింపే ముందు ప్రతిసారీ మళ్లీ ఊపండి. డబ్బా మీద తేదీ, లెక్క సున్నంతోనైనా రాయండి, తర్వాత వచ్చేవాడికి తెలుస్తుంది.

మా మిషిన్ బాగైంది, సిలిండర్ సెట్టు మార్పించాం. ఖర్చు పదకొండు మందిమీ పంచుకున్నాం. అందులో ఇద్దరు ఇంకా, "ఆ రోజు ఆయిల్ పోసింది మేం కాదు" అని తమ వాటా ఇవ్వలేదు. ఇప్పుడు షెడ్డులో ఒకటే ఆయిల్ డబ్బా ఉంటుంది, పక్కన మేకుకు తాడు కట్టి సిరంజి వేలాడదీశాం. కలిపినవాళ్లు గోడ మీద పేరు, తేదీ రాయాలి. ఈ పసుపు సీజన్ మొదలయ్యే లోపు మీ ఊరి మిషిన్లున్న వాళ్లను ఒక దగ్గర కూర్చోబెట్టి, ఎవరి దగ్గర ఏ ఆయిల్ ఉందో డబ్బాలు తెప్పించి వెనుక రాత చదవండి. అక్షరాలు పోల్చుకోలేకపోతే స్కూలుకు పోయే పిల్లలను చదవమనండి. ఏ గుర్తూ లేని సీసాలు ఎన్ని తేలాయో లెక్క రాసి సంఘం ఆఫీసుకు పంపండి. వ్యవసాయ శాఖకు రాసే ఉత్తరంలో ఆ లెక్క జతచేస్తాం.